క్లాసిక్ నవలకీ నా హాస్టల్ బతుక్కీ ముడి ఎక్కడ పెట్టాలి?

వంశధార_ఒడ్డు
ప్లస్ త్రీ, అంటే డిగ్రీ, రెండో ఏడు, ఇంగ్లీషు ఆనర్సు. మాది ఒడిశాలో గుణుపూర్, చదివేది బరంపురంలో. మా సార్ ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. సిలబస్‌లో ఉన్న నవల్లోంచి ఒక ఇతివృత్తం తీసుకుని, అది మీ రోజువారీ జీవితంలో ఎక్కడ కనిపిస్తోందో వెయ్యి మాటల్లో రాయాలట. గైడులోంచి ఎత్తి రాస్తే సున్నా. సోమవారం ఇచ్చెయ్యాలి.

నా వంతుకి డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' వచ్చింది. 1860లో మొదలై వారం వారం పత్రికలో వచ్చిన నవల. అమ్మానాన్నా లేని కుర్రాడు పిప్, వాడి కమ్మరి బావ జో, సంకెళ్ళతో పారిపోయి వచ్చిన ఖైదీ, గడియారాలన్నీ ఆపేసి పెళ్ళిగౌనులోనే ముసలిదైపోయిన ఆవిడ. నా రోజువారీ జీవితమా? పొద్దున్న బాత్రూం దగ్గర బకెట్ల లైను, మధ్యాహ్నం దాల్మా, క్లాసులో ఒడియా, ఫోన్లో అమ్మతో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు. ఇందులో ఆ పిప్ గాణ్ణి ఎక్కడ అతికించమంటారు? "నవల్లో పేదరికం ఉంది, మా ఊళ్ళోనూ ఉంది" అని మొదలెట్టాను. నాకే ఆవలింత వచ్చింది.

అసలు క్లాసిక్ అంటే మనకి అర్థం కాకపోయినా బాగుందని తలూపాల్సిన పుస్తకం అని నా అనుమానం. తిట్టేవాళ్ళు తిట్టండి, కానీ దారి చెప్పి తిట్టండి.

గేట్‌బజార్_టీ
గడియారాలు ఆపేసిన ఆవిడ మా హాస్టల్లోనూ ఉంది. వార్డెనమ్మ. నవల్లో గడియారం తొమ్మిదికి ఇరవై నిమిషాలు తక్కువలో ఆగింది, మాకు సరిగ్గా అప్పుడే గేటు పడుతుంది. వెయ్యి మాటలు అక్కడే అయిపోతాయి.

రాత్రి_రెండు
నాకు అతికించక్కర్లేదు, నేనే ఒక క్లాసిక్. రాయగడలో అద్దెగది, మూడేళ్ళుగా పోటీపరీక్షలు. 'క్రైమ్ అండ్ పనిష్‌మెంట్' మొదటి పేజీ చదివి పుస్తకం మూసేశాను. అందులో కుర్రాడు రాస్కోల్నికోవ్ గది బీరువా అంత ఉంటుంది. అద్దె బాకీ ఉన్నాడు కాబట్టి ఇంటావిడ వంటగది ముందునుంచి పిల్లిలా మెట్లు దిగుతాడు. మా మెస్సు అంకుల్ కౌంటర్ ముందునుంచి నేను దిగేది అచ్చం అలాగే. చెప్పులు చేతిలో పట్టుకుని. 1866 నాటి పుస్తకం అది, నా చెప్పుల సంగతి ఆ దోస్తోయెవ్‌స్కీకి ఎలా తెలిసిందో.

గేట్‌బజార్_టీ
@రాత్రి_రెండు తర్వాత పేజీల్లో వాడు గొడ్డలితో హత్య చేస్తాడు. నీ గొడ్డలి ఎక్కడ పెట్టావు తమ్ముడూ?

మగ్గం_చప్పుడు
ఒడ్డు చెల్లీ, నీకు ఇంగ్లండు దాకా వెళ్ళాల్సి వచ్చింది గానీ పక్కవీధిలో ఉందమ్మా క్లాసిక్. ఒడియాలో ఫకీర్‌మోహన్ సేనాపతి నవల 'ఛ మాణ ఆఠ గుంఠ'. 1897లో పత్రికలో మొదలైంది, పుస్తకంగా వచ్చింది 1902లో. పిల్లలు లేని నేతగాళ్ళ జంట భగియా, సారియా. ఆరు మాణాల (మాణం అంటే ఎకరం) ఎనిమిది గుంటల పొలం, నేతా అనే ఆవు. ఆ పొలం మీద జమీందారు రామచంద్ర మంగరాజు కన్ను పడుతుంది. దేవతకి గుడి కట్టిస్తే సంతానం కలుగుతుందని నమ్మించి, గుడికి అప్పిచ్చి, ఆ అప్పుకింద పొలం లాక్కుంటాడు. ఆవు కూడా పోతుంది.

మాది బరంపురంలో మగ్గాల ఇల్లు. తాత ఇంట్లో తెలుగులో లెక్క చెప్పి, కొట్టు పుస్తకంలో ఒడియాలో రాసేవాడు. ప్లస్ టూలో ఆ నవల చదువుతుంటే నాకు సారియా ఏడుపు కాదు గుర్తున్నది, ఆవు పేరు. మా తాత మగ్గానికి కూడా పేరు పెట్టాడు. అమ్మేసిన రోజున ఆ పేరు పిలిచి మరీ తుడిచాడు. అసైన్‌మెంట్ అంటే నాకు అదీ.

సిరోంచ_ప్రాణహిత
ఒక డౌటు. దాన్ని ఇంగ్లీషులో 'సిక్స్ ఏకర్స్ అండ్ ఎ థర్డ్' అన్నరు కదా. ఎనిమిది గుంటలంటే ఎకరంల అయిదో వంతు. మూడో వంతు ఎట్లయితది? తప్పు తర్జుమా.

మగ్గం_చప్పుడు
అన్నా, మీ గడ్చిరోలిలో నలభై గుంటలకి ఎకరం. ఒడిశాలో పాతిక గుంటలకే. పాతికలో ఎనిమిది అంటే దాదాపు మూడో వంతు. తర్జుమా సరిగ్గానే ఉంది.

సిరోంచ_ప్రాణహిత
పాతిక గుంటలకే ఎకరమా! అంటే మీ గుంట మా గుంట కన్న పెద్దదన్నట్టు. మా మామకి జయపురం దిక్కు ప్లాటు చూపెట్టిన బ్రోకరుకి ఇది తెల్సా?

జయపురం_జంక్షన్
బ్రోకరుకి రెండూ తెలుసు. ఎప్పుడు ఏది చెప్పాలో కూడా తెలుసు.

మోడరేటర్
గుంటల లెక్క ఇంక చాలు. అమ్మాయికి సోమవారం ఇవ్వాలి.

గేట్‌బజార్_టీ
మంగరాజు అనగానే నాకు మా రూమ్మేటు గుర్తొస్తాడు. నవల మొదట్లోనే మంగరాజు ఏకాదశి ఉపవాసాల గురించి ఉంటుంది. మంచినీళ్ళూ తులసాకులూ తప్ప ఇంకేమీ ముట్టని మహానుభావుడు. రాత్రి గదిలో పెట్టిన పాలూ అరటిపళ్ళూ మాత్రం తెల్లారేసరికి ఖాళీ. మావాడు పరీక్ష ముందురోజు "ఏం చదవలేదురా, పాసైతే చాలు" అంటాడు. దుప్పటిలోంచి వెలుతురు కనిపిస్తుంది. ఫలితాల రోజున పాలగిన్నె ఖాళీ!

వంశధార_ఒడ్డు
@గేట్‌బజార్_టీ హహ్హ, ఇది మాత్రం అందరి హాస్టల్లోనూ ఉంది. మా గదిలో ముగ్గురం మంగరాజులమే.
@మగ్గం_చప్పుడు అన్నయ్యా, మీ మగ్గం కథ బాగుంది. కానీ మీకు కలిసొచ్చింది, నేతగాళ్ళ నవల నేతగాళ్ళింట్లో పడింది. మా నాన్నకి కొలిమి లేదు, మా మావయ్యల్లో కమ్మరి లేడు. పిప్ లాగా నాకు ఎవరో అజ్ఞాత దాత డబ్బు పంపట్లేదు. పంపితే బాగుండును.

జయపురం_జంక్షన్
'పరజా' ఎవరూ ఎత్తలేదేంటి? గోపీనాథ్ మహాంతి, 1945. మా కొరాపుట్ కొండల కథ. అడవి గార్డు కక్షకట్టి జరిమానా వేయిస్తాడు, అది కట్టడానికి పరజా గిరిజనుడు సుక్రు జాని సాహుకారు దగ్గర అప్పు చేస్తాడు, అప్పుకింద తండ్రీ కొడుకులు గోతీలవుతారు. ఒడియాలో గోతి అంటే అప్పు కింద వెట్టిచాకిరీ. మన తెలుగులో గోతి అంటే గొయ్యి. నాకు రెండు మాటలూ ఒకటే అనిపిస్తాయి. నేను చదువు లోను తీసుకుని ఇంజినీరింగు చేశాను. ఇప్పుడు జీతం పడిన మూడోరోజున ఈఎంఐ పోతుంది. నేనూ గోతీనే.

కొండదారి
@జయపురం_జంక్షన్ దీనికి నేను ఒప్పుకోను బాసూ. నువ్వు సంతకం పెట్టే ముందు కాగితం చదివావు. సుక్రు జానికి చదువు లేదు, పొలం పోయింది, కూతురు జిలి చివరికి ఆ సాహుకారు ఇంటికే చేరింది. చివర్లో తండ్రీ కొడుకులు సాహుకారుని నరికేసి వాళ్ళంతట వాళ్ళే ఠాణాకి వెళ్ళి లొంగిపోతారు. నువ్వు బ్యాంకు మేనేజరుతో చాయ్ తాగొస్తావు. మా ముత్తాత గోతీ చేశాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ మాటని ఈఎంఐకి వాడితే ఒళ్ళు మండుతుంది.

జయపురం_జంక్షన్
సరే, మాట జారాను. కానీ పోలిక అంటే సమానం అనడం కాదు కదా. అప్పు తీరేదాకా ఉద్యోగం మానలేను, ఊరు మారలేను. ఆ కట్టు ఎలా ఉంటుందో కొంచెమైనా తెలిసింది కాబట్టే సుక్రు గురించి నిద్ర పట్టలేదు. అంతవరకు అనొచ్చా?

కొండదారి
అంతవరకు అనొచ్చు. "నేనూ గోతీనే" అనకూడదు.

రాత్రి_రెండు
ఏఐకి చెబితే అరనిమిషంలో రాసిస్తుంది. ఎందుకింత గొడవ?

వంశధార_ఒడ్డు
రాయించి చూశాను. "ఈ నవల మానవ సంబంధాల్లోని సంక్లిష్టతను ఆవిష్కరిస్తుంది" అంది. మా బకెట్ల లైను ఊసే లేదు.

పర్లాకిమిడి_పంతులు
ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

అమ్మా, నీ ఇబ్బంది ఇతివృత్తం అనే మాటతోనే వచ్చింది. పేదరికం, ప్రేమ, ఆశ, వర్గభేదం అని పెద్దమాట పట్టుకుని వెతికితే మీ హాస్టల్లో అది కనిపించదు. పేదరికం ఎప్పుడూ పేదరికం అని బోర్డు పెట్టుకుని రాదు. ఒక సన్నివేశం పట్టుకో. ఇంకా చెప్పాలంటే ఒక వస్తువు పట్టుకో.

ఇరవయ్యేడో అధ్యాయం తియ్యి. పిప్ లండన్లో దొరబాబు అవుతున్నాడు. ఊరినుంచి జో చూడ్డానికి వస్తున్నాడని ఉత్తరం. డబ్బిచ్చి ఆపగలిగితే ఇచ్చి ఆపేవాణ్ణి అని పిప్ తనే చెప్పుకుంటాడు. జో వస్తాడు, అలవాటు లేని బట్టల్లో. చేతిలో టోపీ. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీదు. నిప్పుగూడు అంచుమీద పెడతాడు, పడిపోతుంది. పట్టుకుంటాడు. మళ్ళీ పెడతాడు, మళ్ళీ పడుతుంది. చిన్నప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకున్నవాణ్ణి ఒకసారి "పిప్" అనీ ఒకసారి "సార్" అనీ పిలుస్తాడు. డికెన్స్ ఎక్కడా వర్గభేదం అనలేదు. టోపీ పడింది అన్నాడు, అంతే. వెళ్ళేటప్పుడు జో అంటాడు, ఈ బట్టల్లో నేను నేను కాదు, కొలిమి దగ్గర చూస్తే నాలో ఇన్ని తప్పులు కనపడవు అని.

ఇంగ్లీషులో జో ఏమవుతాడో చెప్పాలంటే చాంతాడంత మాట కావాలి. మనకి రెండక్షరాలు, బావ. అక్కడికే నువ్వు ఇంగ్లీషువాళ్ళకన్నా ఒక అడుగు ముందున్నావు.

ఇంకొకటి. రాసేటప్పుడు నువ్వు మాట్లాడేలా రాయి. మా ఊళ్ళో గిడుగు రామమూర్తిగారు రాజావారి స్కూల్లో పాఠాలు చెబుతూ...

గేట్‌బజార్_టీ
వచ్చేశారండీ గిడుగువారు! పంతులుగారి పోస్టు ఏ సబ్జెక్టులో మొదలైనా పర్లాకిమిడి స్టేషన్లోనే ఆగుతుంది.

పర్లాకిమిడి_పంతులు
ఆగుతుంది, తప్పేముంది? సవరలు మాట్లాడే భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించిన మనిషి. తెలుగు పిల్లలు ఇంట్లో ఒకటి మాట్లాడి బళ్ళో ఇంకొకటి రాయాల్సి వస్తోందని పండితులందరితో తగువు పెట్టుకున్నాడు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిస్తే రాజమండ్రి వెళ్ళిపోయాడు. ఈ అమ్మాయి ఇంట్లో ఒకటి, క్లాసులో ఒకటి, పరీక్షలో ఒకటి అంది చూడు, ఆయన వింటే మూడో తగువు మొదలెట్టేవాడు.

మగ్గం_చప్పుడు
టోపీ అనగానే నాకు బారిస్టర్ పార్వతీశమే. ఇంగ్లండుకి బయల్దేరి ఆడవాళ్ళ టోపీ కొనుక్కున్న మొగల్తూరు బాబు. జో టోపీ చూసి ఏడుపొస్తుంది, పార్వతీశం టోపీ చూసి నవ్వొస్తుంది. ఇద్దరిదీ ఒకటే కష్టం.

సిరోంచ_ప్రాణహిత
గీ ముచ్చట మంచిగుంది. నేను మరాఠీ మీడియంల చదివి నాగపూర్ కాలేజీకి పోయిన. ఇంట్ల తెలుగు. అక్కడ నా మరాఠీ విని నవ్విన్రు, హైదరాబాద్ పోతే నా తెలుగు విని నవ్విన్రు. గా పిప్ గాడు పేకాటల జాకీని దొరల లెక్క నేవ్ అనకుంట జాక్ అన్నడని, గా గడియారాలు ఆపిన ఆమె పెంచిన పిల్ల ఎస్టెల్లా నవ్వుతది కదా. మనం కూడ జాకీ అనే అంటం! మనందరం పిప్ బ్యాచే.

వంశధార_ఒడ్డు
@సిరోంచ_ప్రాణహిత అయ్యో, అది చదివాను గానీ పట్టించుకోలేదు. నీ చేతులు మోటుగా ఉన్నాయి, బూట్లు మందంగా ఉన్నాయి అన్నది కూడా అక్కడే కదా. పిప్‌కి అంతవరకు తన చేతులు ఎలా ఉన్నాయో తెలీదు. ఆ రోజునుంచి వాటినే చూసుకుంటాడు.

రజుమీఖిన్_ఫ్యాన్
@రాత్రి_రెండు నీ పోస్టు మీద ఆలస్యంగా వస్తున్నాను. రాస్కోల్నికోవ్ దగ్గర ఆగిపోకు. అదే నవల్లో రజుమీఖిన్ అని స్నేహితుడున్నాడు. వాడూ విద్యార్థే, వాడికీ డబ్బుల్లేవు, ఫీజుకి లేక చదువు మధ్యలో ఆపాడు. కానీ అనువాదాలు తెచ్చుకుని చేసుకుంటాడు, అందులో కొంత రాస్కోల్నికోవ్‌కి ఇస్తానంటాడు కూడా. అదే ఊరు, అదే ఆకలి. గొప్పవాళ్ళకి వేరే చట్టం ఉంటుందని ఒకడు వ్యాసం రాసుకుంటాడు, ఇంకొకడు పని వెతుక్కుంటాడు. మెస్సు అంకుల్‌తో నేరుగా మాట్లాడెయ్. చెప్పులు వేసుకునే వెళ్ళు.

రాత్రి_రెండు
మీరెవరో గానీ మా అక్క ఎకౌంటులా ఉంది.

పనసచెట్టు_నీడ
నేను నవలలు చదవను. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ పేజీ చూపించి పంతులుగారు రాసింది చదివి వినిపించాడు. ఆ టోపీ సంగతి విన్నాక నాకూ ఒకటి రాయాలనిపించింది. తప్పులుంటే సర్దుకోండి.

నాలుగేళ్ళ కిందట వాడు భువనేశ్వర్లో చేరిన కొత్తలో చూద్దామని వెళ్ళాను. ఇంట్లో కాసిన పనసపండు గోనెసంచిలో కట్టుకుని రాత్రి బస్సెక్కాను. హాస్టల్లో కింద ఒక గది, ప్లాస్టిక్ కుర్చీలు, నున్నటి బండలు. సంచి పక్కన పెడితే పండు దొర్లుతుంది. కాలు అడ్డం పెట్టాను. కాలు తీస్తే మళ్ళీ దొర్లుతుంది. వాడొచ్చి కూర్చున్నాడు. ఎంతసేపూ సంచివంకే చూశాడు. ఇంతలో వాడి స్నేహితులు ఇద్దరు వచ్చి ఎవరని అడిగారు. మావాడు ఒడియాలో "గాఁరు ఆసిఛన్తి" అన్నాడు. ఊరినుంచి వచ్చారు అని. ఎవరు వచ్చారో చెప్పలేదు.

నాకు ఒడియా రాదా ఏటి, పుట్టినకాడినుంచి మాట్లాడుతున్నదే. ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే అంత బాధా పడలేదు. మా నాన్న లుంగీ కట్టుకుని నా బడికి వస్తే నేను గోడ చాటుకి వెళ్ళినవాణ్ణే. అప్పుడు నాకున్న బెంగల్లా పండు పగిలి బండలమీద పాలు అంటితే ఎవరు కడుగుతారని. ఆ జిగురు నూనె రాస్తే గానీ పోదు.

ఇప్పుడు మావాడు పక్కనే ఉన్నాడు. "నాన్నా ఇది కూడా రాస్తావా" అంటున్నాడు. రాసేశాను.

కొండదారి
...

మగ్గం_చప్పుడు
ఈయన చదవలేదంటున్నాడు గానీ ఆ అధ్యాయం ఈయనే రాశాడు.

పర్లాకిమిడి_పంతులు
పనసచెట్టుగారూ, నేను ముప్పై ఏళ్ళు ఆ టోపీ పాఠం చెప్పాను. జో వైపునుంచి ఒక్కసారి చెప్పలేదు. అతను ఏం ఆలోచిస్తున్నాడో అని ఏ పిల్లా అడగలేదు, నేనూ అడగలేదు. బహుశా అతనూ బండలు పాడవుతాయనే చూసుకుని ఉంటాడు.

గేట్‌బజార్_టీ
పనసపండు ఏమైందండీ?

పనసచెట్టు_నీడ
ఆ స్నేహితులే తిన్నారంట. గింజలు కూడా కాల్చుకున్నారంట.

జయపురం_జంక్షన్
నవల్లో కూడా తర్వాత జోనే వస్తాడు కదా. పిప్ జబ్బుపడి, అప్పుకింద పట్టుకెళ్ళే పరిస్థితిలో ఉంటే దగ్గరుండి చూసి, బాకీ కట్టి, చెప్పకుండా పొద్దున్నే వెళ్ళిపోతాడు. అప్పు అంటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి, అందుకే గుర్తుంది.

వంశధార_ఒడ్డు
రెండు రోజులు ఇటు రాలేదు. రాస్తున్నాను. పనసచెట్టుగారు రాసింది చదివి మొదట నాన్నగురించి రాద్దామనుకున్నాను. కానీ మా నాన్న వస్తే నేను దాక్కోలేదు, ఆయనే హాస్టల్ ముందు టీకొట్టు వాడితో సహా అందరితో మాట్లాడి నన్ను మర్చిపోతాడు. లేని సిగ్గు తెచ్చుకుని రాస్తే అది మళ్ళీ గైడే.

నాది జాకీ. పోయినేడు విశాఖలో పిన్నివాళ్ళింట్లో పెళ్ళి. సాయంత్రం ఆకలేసి "ముఢీ ఉందా పిన్నీ?" అన్నాను. గదిలో ఉన్న నలుగురు అమ్మాయిలు ఒక్కసారి నా వైపు తిరిగారు. "ముఢీ అంటే ఏంటే?" ఉప్పూ, ఉల్లిపాయా, పచ్చిమిర్చీ వేసి కలుపుకుంటాం కదా అని చేత్తో చూపించాను. "ఓ, మరమరాలా!" ఇంక పెళ్ళైనన్ని రోజులూ నా పేరు ముఢీ. వాళ్ళు ప్రేమగానే అన్నారు, అదే ఇంకా కష్టం. అప్పటినుంచి తెలుగువాళ్ళ దగ్గర ఏదైనా మాట అనేముందు ఇది తెలుగా, ఒడియానా అని లోపల ఒకసారి చూసుకుంటాను. పిప్ చేతులు చూసుకున్నట్టు. ఫోన్లో అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా వరండా చివరికి వెళ్తున్నానని ఇది రాస్తుంటేనే తెలిసింది. మా గదిలో ఉన్నదంతా ఒడియా అమ్మాయిలే, వాళ్ళకి నా తెలుగు తప్పో ఒప్పో ఏం తెలుస్తుంది? అయినా వెళ్తున్నాను.

సిరోంచ_ప్రాణహిత
మేం ముర్మురే అంటం. రా, మా బ్యాచ్‌ల చేరు.

కొండదారి
మా ఇంట్లో ముఢీనే. ఎవడేమనుకున్నా.

పర్లాకిమిడి_పంతులు
సంతకం పెట్టి ఇచ్చెయ్యమ్మా. ఇంకేం కలపకు.

వంశధార_ఒడ్డు
ఫలితం చెప్పమని ముగ్గురు మెసేజ్ పెట్టారు. పదికి ఏడు. "జాకీ బాగుంది" అని సార్ ఎర్రపెన్నుతో రాశారు. చివరి పేరాలో 'సమాజం' అనే మాట నాలుగుసార్లు వచ్చిందట, నాలుగింటికీ సున్నా చుట్టారు. అది నేను ఆదివారం రాత్రి వెయ్యి మాటలు నిండక కలిపింది. పంతులుగారు వద్దన్నారు, వినలేదు.

అమ్మకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను, మంచంమీద కూర్చునే. అంతా విని, "మరి ముఢీని ముఢీ అనక ఏమంటారే?" అంది.

గేట్‌బజార్_టీ
ఆకలేస్తోంది. ఎవరికైనా ముఢీ కావాలా, కిందకి వెళ్తున్నాను.

సిరోంచ_ప్రాణహిత
మోడరేటర్ సారూ, ఒక్కటే ఒక్క మాట. మరి బీదర్ దిక్కు ఎన్ని గుంటలకి ఎకరం?